సీసాలో పోసిన నూనె

ముప్పై ఏళ్ళుగా బెల్‌గాసెమ్ ఆలివ్ నూనెను సముద్రం అవతలివాళ్ళు తమ పేరు పెట్టుకుని అమ్ముకున్నారు. ఇందులో వాదించడానికి ఏమీ లేదు. ట్యాంకరు వచ్చేది, తొట్టి ఖాళీ చేసేది, పోయేది. అవతలి ఒడ్డున దాన్ని సీసాల్లో నింపి, సీసా మీద వాళ్ళ కొండ బొమ్మ వేసి, వాళ్ళ ఊరి పేరు రాసుకున్నారు.

ఇప్పుడు అతని సొంత కూతురు, ఆ నూనె దీపాలకు తప్ప పనికిరాదన్న కాగితం పట్టుకుని వాకిట్లో నిలబడింది.

“ఇంకోసారి చదవనా బూయా?” అంది సాల్హా.

“నాకు చెవులున్నాయి.”

“ఆమ్లం నాలుగు పాయింట్ రెండు. సున్నా పాయింట్ ఎనిమిది దాటకూడదన్నారు. మనది నాలుగు పాయింట్ రెండు! కింద ఏం రాశారో తెలుసా? ‘దీపపు నూనె.’ తినడానికి కూడా కాదట.”

పొయ్యి దగ్గర బార్లీ చెరుగుతున్న జాజియా తలెత్తలేదు. బెల్‌గాసెమ్ కంటే ఆరేళ్ళు పెద్దది. మొగుడు పోయి ఈ ఇంటికి వచ్చి నలభై ఏళ్ళు.

“పోనీలే, కరెంటు పోయినప్పుడు వెలిగించుకుందాం,” అంది.

“నవ్వులాటగా ఉందా అమ్తీ?” సాల్హా మేనత్త మీదికి తిరిగింది. “నేను సీసాలో పోసిన నూనె సున్నా పాయింట్ నాలుగు. నా చేత్తో పరీక్ష చేశాను. కాలేజీలో ఐదేళ్ళు వెలగబెట్టింది అదే. రాత్రి బిరడా పెట్టి గూట్లో ఉంచాను. పొద్దున నువ్వు గుడ్డ చుట్టి డబ్బాలో సర్దిచ్చావు. పట్నంలో పరీక్షకు పంపడానికి నేను బస్సుకు తీసుకెళ్ళాను. మధ్యలో ఎవరో మార్చారు.”

“ఎవరో అంటే?”

“ఈ ఇంట్లో ఉన్నది ముగ్గురం.”

చేట ఆగింది.

“కొత్త నూనెను పచ్చిగడ్డి రసం అన్నదెవరు?” అంది సాల్హా. “మేక తాగితే మేక తిడుతుందన్నదెవరు?”

“నేనే అన్నాను. ఇప్పుడూ అంటాను.”

“మరి?”

జాజియా తమ్ముడి వైపు చూసింది. బెల్‌గాసెమ్ రొట్టె తుంచి నోట్లో పెట్టుకున్నాడు. నమిలాడు. మింగాడు. ఇంకో ముక్క తుంచాడు.

“మరేం లేదు,” అంది జాజియా. మళ్ళీ చెరగడం మొదలుపెట్టింది.

సీసా మార్చింది బెల్‌గాసెమ్.

కూతురు ఆడించిన కొత్త నూనెను అతను ఒకసారి రుచి చూశాడు. పచ్చగా ఉంది. నాలుకను కొరికింది. కోసిన రోజే కాయను గానుగలో వేస్తే అలాగే ఏడుస్తుంది. కాయ కుప్పలో పడి ఉండాలి. పైన ఉప్పు చల్లాలి. ఇరవై రోజులకు కుప్ప లోపల వేడెక్కాలి, కాయ నల్లబడి ముడతలు పడాలి. అప్పుడు ఆడిస్తే వచ్చేది నూనె. తాత అలాగే చేశాడు. భార్య ఉమ్మెల్‌ఖీర్ అలాగే చేయించింది. తిన్‌జెర్ఫా ఊళ్ళో కొత్త వియ్యంకుడు గడప తొక్కితే, వేయించిన బార్లీపిండిని ఆ నూనెలో కలిపి బ్సీసా చేసి పెడతారు. పచ్చినూనె పెడితే చెప్పుతో కొట్టినట్టే లెక్క.

ఉమ్మెల్‌ఖీర్ పోయి మూడేళ్ళు. చివరి పంటలో ఆమె జిప్సం మెత్తి మూసిన జాడీ ఒకటి కొట్టు మూలన ఉండేది. మూడేళ్ళు అతను దాన్ని ముట్టలేదు, ముట్టనివ్వలేదు. సీసా పంపే రోజు పొద్దున్నే లేచి దాన్ని పగలగొట్టాడు. తన పేరున్న సీసాను పైదేశాల వాళ్ళు మొదటిసారి తెరవబోతున్నారు. వాళ్ళకు ఇంట్లో ఉన్నవాటిలో మంచిదే పెట్టాలనుకున్నాడు.

తప్పు చేశానని అతను అనుకోవడం లేదు. పరీక్ష చేసినవాడికి యంత్రం ఉంది, నాలుక లేదు. అంతే.

సాల్హాకు అతని మీద అనుమానం రాలేదు. రాకపోవడానికి కారణం ఉంది. సీసా మీద అంటించే చీటీ నమూనా వచ్చిన రోజు, ‘బెల్‌గాసెమ్ గానుగ, తిన్‌జెర్ఫా’ అన్న అక్షరాల మీద అతను వేలు పెట్టి ఒక్కొక్కటీ చదవడం ఆమె చూసింది. అంతగా కావాలనుకున్న మనిషి చేజేతులా ఎందుకు పాడుచేస్తాడు?

“జాబితా రేపు మధ్యాహ్నంతో మూసేస్తారు,” అంది సాల్హా. కాగితం మడత పెట్టింది, మళ్ళీ విప్పింది. “అర్థమవుతోందా మీకు? కొత్త ఒప్పందం ప్రకారం వచ్చే నెల ఒకటో తారీఖు నుంచి సుంకం లేదు. ఎడారికి కింద ఉన్న తొమ్మిది దేశాల్లో మన సీసాకు సుంకం లేదు. ఇక్కడి చెట్టు, ఇక్కడి గానుగ, ఇక్కడి సీసా అయి ఉండాలి. జాబితాలో పేరుండాలి. అడిగింది అంతే.”

“ఒప్పందం, ఒప్పందం,” అంది జాజియా. “మా తాత ఒంటెల మీద తోలుతిత్తుల్లో నూనె వేసుకుని ఆ దేశాలకే పోయాడు. తోళ్ళూ బట్టలూ తెచ్చాడు. ఎవడి ఒప్పందం అడిగాడు?”

“అప్పుడు మధ్యలో గేట్లు లేవు అమ్తీ. తర్వాత పెట్టారు. ఒక్కో గేటు దగ్గర ఒక్కోడు చెయ్యి చాపాడు. మన సీసా అక్కడికి చేరేసరికి సముద్రం అవతలివాడి సీసా కంటే ఖరీదైపోయింది. లోపల ఉన్నది మన నూనే! ఇప్పుడు ఆ గేట్లు ఎత్తేస్తామంటున్నారు. తాత దారే అది.”

“తాత దారిలో దీపపు నూనె పోలేదు,” అన్నాడు బెల్‌గాసెమ్.

ఇద్దరూ అతని వైపు చూశారు. అతను చేతులు దులుపుకుని లేచి గానుగకు వెళ్ళిపోయాడు.

*

పది గంటలకు మబ్రూకా వచ్చింది. వెనక ఇంకో ఐదుగురు ఆడవాళ్ళు. ఈ ఏడు కాయ కలిపిన పద్నాలుగు ఇళ్ళలో ఆరిళ్ళు.

ఆమె గానుగ లోపలికి రాలేదు. గుమ్మంలో నిలబడి నడుం మీద చేతులు పెట్టుకుంది.

“సీ బెల్‌గాసెమ్!” గౌరవానికి మాత్రం లోటు చేయకుండా పిలిచింది. “నిజమేనా?”

“ఏది?”

“ఊరంతా అంటోంది. మన నూనెను దీపాల నూనె అన్నారట.”

“అన్నారు.”

“అన్నారు అని ఇంత తీరిగ్గా చెప్తావేం?” మబ్రూకా గొంతు లేచింది. “నవంబరులో పచ్చికాయ దులపమన్నారు. దులిపాం. పచ్చికాయకు సగం నూనె దిగదని మా అత్త నెత్తీ నోరూ కొట్టుకుంది. నేను వినలేదు. సగం పోయినా సీసాకు రెండింతలు వస్తుందని మీ సాల్హా చెప్పింది. ఇప్పుడు సగమూ పోయింది, సీసా పోయింది. శుక్రవారం ఖలీఫా ట్యాంకరు వస్తుంది. వాడెంతంటే అంతకు పొయ్యాలి.”

ఖలీఫా తీరంలోని దళారి. ట్యాంకరు అతనిది. ముప్పై ఏళ్ళుగా ఆ కొండల నూనె అంతా ఆ ట్యాంకరులోనే దిగింది.

“ఇంకా దారి ఉంది మబ్రూకా,” అంటూ సాల్హా లోపలి నుంచి వచ్చింది.

“దారి గురించి నాకు చెప్పకు. మా ఆయన పదకొండేళ్ళు సరిహద్దు అవతల నుంచి దొంగ పెట్రోలు డబ్బాలు తెచ్చాడు. బండి పేలితే పీనుగు కూడా దొరకదు. ఈ ఏడు నేనే ఆపాను. గానుగలో సీసాలు నింపే పనుంటుంది, డబ్బాలు సర్దే పనుంటుంది, లారీ తోలే పనుంటుంది అని నువ్వు వేళ్ళు మడిచి చెప్తే నమ్మి ఆపాను. పొద్దున్నుంచి మళ్ళీ పెట్రోలు డబ్బాలు కడుగుతున్నాడు.”



“మూతపడ్డ సీసాల కార్ఖానా మళ్ళీ తెరుస్తారన్నావు,” అంది వెనక నుంచి ఒక ముసలామె. “మా మనవరాలు అక్కడ పేరు కూడా ఇచ్చింది.”

“తెరుస్తారు పిన్నీ. ఈ కొండల నుంచి జాబితాలో ఐదు గానుగలుంటే లారీ ఇక్కడి నుంచే బయల్దేరుతుంది. గోదాము ఇక్కడే కడతారు. నాలుగు ఉన్నాయి. ఐదోది మనం. మనం లేకపోతే లారీ ఉత్తరం నుంచి పోతుంది. గోదాము కూడా ఉత్తరానికే.”

“ఆ ఐదోదాన్ని ముంచిందెవరు?”

సాల్హా పెదవి కొరుక్కుంది. ఆమె కళ్ళు గానుగ మూలకు వెళ్ళాయి. అక్కడ జాజియా బుట్ట ముందు కూర్చుని కాయలోంచి ఆకు ఏరుతోంది. ఆమె ఏరిన కాయలో పుల్ల ఉండదని ఊళ్ళో పేరు.

ఆడవాళ్ళందరూ అటే చూశారు.

“అయ్యో తల్లీ,” అంది మబ్రూకా మెల్లగా. “నువ్వా?”

జాజియా ఒక ఆకు తీసి పక్కన పడేసింది.

“పళ్ళు ఊడినా బుద్ధి రాలేదా ముసలమ్మా? పద్నాలుగిళ్ళ నోట్లో మట్టి కొట్టావు కదే! మా పెళ్ళిళ్ళకు నీ చేతి బ్సీసా తిన్నామే!”

“తిన్నారు. గిన్నెలు కూడా నాకారు,” అంది జాజియా.

ఒకామెకు నవ్వొచ్చింది. మబ్రూకా ఆమెను మోచేత్తో పొడిచింది.

బెల్‌గాసెమ్ యంత్రం పక్కన నిలబడి అంతా విన్నాడు. నోరు తెరిస్తే సరిపోయేది. తెరవలేదు. మరలో నూనె వేయాల్సిన చోటు ఒకటి ఉంది. అక్కడ ఇంకాస్త వేశాడు. అవసరం లేకపోయినా వేశాడు.

వాళ్ళు వెళ్ళిపోయాక సాల్హా పట్నానికి ఫోన్ చేసింది. చాలాసేపు మాట్లాడింది. తిరిగి వచ్చి తండ్రికి మాత్రమే వినిపించేలా చెప్పింది.

“ఒక్క దారి ఉంది. నమూనా మారిందని రాసిస్తే, రేపు పొద్దున అధికారి వచ్చి తొట్టిలోంచి తన చేత్తో కొత్త నమూనా తీసుకుంటాడు. ఫలితం వచ్చేదాకా మన చోటు అట్టే ఉంచుతారు. కానీ ఎవరు మార్చారో పేరు రాసి సంతకం పెట్టాలి.”

“పెడితే?”

“ఆ మనిషి రెండేళ్ళు గానుగలో అడుగుపెట్టకూడదు. జాబితాలో ఆ పేరు ఉండకూడదు.” ఆమె గొంతు తగ్గించింది. “అమ్తీ పేరు ఎలాగూ జాబితాలో లేదు. నాకు మాత్రం సంతోషమా బూయా? కానీ వేరే ఏముంది?”

“ఊఁ,” అన్నాడు బెల్‌గాసెమ్.

*

సాయంత్రం బెల్‌గాసెమ్ కొట్టులో కట్టెలు తీస్తుంటే జాజియా వచ్చి గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

“జాడీ చూశాను,” అంది.

అతను కట్టెలు ఎత్తుకున్నాడు.

“పెంకులు బూడిదలో కప్పితే కనబడవనుకున్నావా? ఈ ఇంట్లో బూడిద ఎత్తేది ఎవర్రా?”

అతను ఇంకో కట్టె తీసి పైన పెట్టుకున్నాడు.

“దాని చేతి జాడీ. నేను ఒక్క చెంచా అడిగితే మూడేళ్ళు ఇవ్వలేదు. ఎవడో ముక్కూమొహం తెలియని వాళ్ళకు పంపావు.” జాజియా గొంతులో కోపం లేదు. “ఒకందుకు సంతోషమే. నువ్వు ఇంక దాన్ని పట్టుకుని వేలాడవు.”

“జరుగు. కట్టెలు బరువు.”

“రేపు ఆ వచ్చేవాడికి నేనే చేశానని చెప్తాను. వేలిముద్ర వేస్తాను. నాకు పోవడానికి పేరెక్కడుంది? నువ్వు పెట్టుకో నీ పేరు. సీసా మీద పెట్టుకుని రోజూ తుడుచుకో.”

“నలభై ఏళ్ళు గానుగలో ఉన్నావు,” అన్నాడు అతను. “రెండేళ్ళు ఇంట్లో కూర్చుని ఏం చేస్తావు?”

“చస్తాను. వేరే పనేముంది?”

ఆమె జరిగింది. అతను కట్టెలతో బయటికి నడిచాడు. వద్దని అనలేదు. అనవలసింది అదేనని అతనికి తెలుసు.

*

అధికారి మరునాడు పదకొండింటికి వచ్చాడు. పేరు హషీమి. సన్నటి మనిషి, దగ్గు ఉంది. కాఫీ వద్దన్నాడు. జాజియా పెట్టిన ఖర్జూరాల్లో ఒకటి తీసుకుని జేబులో వేసుకున్నాడు.

గానుగలో మబ్రూకా ఉంది. పద్నాలుగిళ్ళ తరఫున సాక్షి కావాలన్నారట.

హషీమి తొట్టి మూత తీయించి, గాజు గొట్టంతో నూనె పీల్చి, రెండు సీసాల్లో నింపాడు. ఒకటి వెలుగుకు పట్టి చూశాడు. వాసన చూశాడు. బెల్‌గాసెమ్ అతని ముఖం చూస్తున్నాడు. ఆ పచ్చి వాసనకు అతను ముక్కు చిట్లిస్తాడని ఎదురుచూశాడు.

హషీమి చిట్లించలేదు. ఇంకోసారి వాసన చూశాడు. ఈసారి అవసరం లేకపోయినా చూశాడు.

“ఇది ఎవరు ఆడించారు?”

“నేను,” అంది సాల్హా.

“ఊఁ.” అతను కాగితం తీసి యంత్రం మీద పరిచాడు. “ఇక మొదటి నమూనా సంగతి. ఎవరు మార్చారు?”

“నేను,” అంది జాజియా. కొంగుకు చెయ్యి తుడుచుకుని బొటనవేలు ముందుకు పెట్టింది. “ముద్ర ఎక్కడ వెయ్యాలో చూపించు నాయనా. నాకు చదువు రాదు.”

“ఏ నూనె పోశారమ్మా?”

“ఇంట్లో ఉన్నది.”

“ఎందుకు?”

జాజియా ఒక్క క్షణం తడబడింది. “ముసలిదాన్ని. నాకు కళ్ళు కనబడవు.”

“కళ్ళు కనబడవా? నిన్ననే బుట్టలో ఆకు ఏరావు!” అంది మబ్రూకా.

“నువ్వు నోరు మూస్తావా?”

హషీమి దగ్గాడు. “అమ్మా, పొరపాటున పోశారని రాస్తే నేను ఒప్పుకోను. పరీక్షలో మూడేళ్ళ పాత నూనె అని తేలింది. మూడేళ్ళు దాచిన నూనె పొరపాటున సీసాలోకి రాదు. అది ఎక్కడ దొరికింది మీకు?”

సాల్హా తలెత్తింది.

మూడేళ్ళు అన్న మాట ఆమె ముఖంలోకి ఎక్కడం బెల్‌గాసెమ్ చూశాడు. ఆమె మేనత్తను చూడలేదు. కొట్టు వైపు చూసింది. తర్వాత అతని వైపు.

ఆమె అడగలేదు. అడిగి ఉంటే అతను కాదనేవాడేమో.

“వేస్తాను నాయనా, ముద్ర ఎక్కడో చూపించు,” అంటోంది జాజియా. “పనుంది నాకు, బుట్టలో సగం అలాగే ఉంది.”

బెల్‌గాసెమ్ రెండడుగులు వేసి అక్క చెయ్యి పట్టుకుని కాగితం మీద నుంచి తీసేశాడు. గట్టిగానే తీశాడు.

“పో, నీ బుట్ట చూసుకో.”

“ఒరేయ్...”

“పొమ్మన్నానా!”

అతను కలం అడిగాడు. హషీమి ఇచ్చాడు. ఊళ్ళో బడిలో ఆరేళ్ళు నేర్చిన అక్షరాలు. మెల్లగా రాశాడు. పేరు, తండ్రి పేరు, తాత పేరు. కింద గీత గీశాడు.

“ఎందుకు మార్చారో రాయాలి,” అన్నాడు హషీమి.

“ఎవరు మార్చారో అడిగారు. రాశాను.”

“నియమం ప్రకారం కారణం కూడా...”

“ఖాళీగా పంపండి.”

హషీమి కాగితం తీసుకున్నాడు. “మీ పేరు జాబితాలోంచి పోతుంది. తెలుసు కదా? గానుగ ఎవరి పేరున ఉంచమంటారు?”

“ఆ పిల్ల పేరు రాయండి.”

“సీసా మీద చీటీ కూడా మారుతుంది.”

“మార్చండి.”

మబ్రూకా గోడకు ఆనుకుని నిలబడిపోయింది. చివరికి జాజియా దగ్గరికి వెళ్ళి బుట్ట ముందు కూర్చుని తనూ ఆకు ఏరడం మొదలుపెట్టింది.

“పుల్లలు కూడా తియ్యి,” అంది జాజియా. “ఊరికే కూర్చోకు.”

“ఫలితం తొమ్మిది రోజుల్లో వస్తుంది,” అన్నాడు హషీమి సీసాలకు మైనం ముద్ర వేస్తూ. “అప్పటిదాకా మీ చోటు ఉంటుంది. ఆ తర్వాత నేను చెప్పలేను.”

“రేపు ఖలీఫా ట్యాంకరు వస్తుంది,” అంది సాల్హా. “పద్నాలుగిళ్ళూ తొమ్మిది రోజులు ఆగుతాయా?”

ఆ ప్రశ్న అధికారికి కాదు. మబ్రూకా కూడా తలెత్తలేదు.

“మీరు ఇక బయటికి నడవాలి సీ బెల్‌గాసెమ్,” అన్నాడు హషీమి. ఆ మాట అనడం అతనికీ ఇష్టం లేదు. “మీరు వెళ్ళిన టైము కూడా కాగితం మీద వేస్తాం.”

బెల్‌గాసెమ్ గుమ్మం దాటాడు. బయట గట్టు మీద కూర్చున్నాడు. ఎండ బాగా ఉంది. కారు వెళ్ళిపోయింది. కాసేపటికి లోపల యంత్రం మొదలైంది. అతను లేకుండా ఆ యంత్రం తిరగడం అదే మొదటిసారి.

మూడు నిమిషాలకు దాని గొంతు మారింది. రాయి బరువెక్కి మూలుగుతోంది. కాయ ఎక్కువ పోశారు.

“తగ్గించు!” అని అరిచాడు కూర్చున్న చోటు నుంచే. “కుడిచేతి మీట! సగానికి దించు!”

మూలుగు తగ్గింది. యంత్రం సర్దుకుంది.

సాల్హా బయటికి వచ్చింది. చేతులకు నూనె. అతనికి రెండు బారల దూరంలో నిలబడింది.

“అది మా అమ్మ జాడీ కదా?” అంది.

అతను కొండవైపు చూస్తున్నాడు.

“ఆ నూనె మంచిదనుకున్నావు కదా బూయా? అందుకే పంపావు. ఒక్కమాట చెప్పు. నేను మబ్రూకాకు చెప్పుకోవాలి. అమ్తీకి ఏమని ముఖం చూపించను? నేను ఆమెను... ఒక్కమాట చెప్పు, చాలు.”

“మీ అత్తకు ఏం చెప్పుకుంటావో అది నీ సంగతి.”

“మరి నీ సంగతి?”

“కాగితం మీద పెట్టాను. ప్రభుత్వం పట్టుకుపోయింది.”

“బూయా...”

“విను. ఒకసారే చెప్తాను.” అతను ఆమె వైపు తిరగలేదు. “కాయ ఎంత పొయ్యాలో అడుగు, చెప్తాను. మీట ఎటు తిప్పాలో అడుగు, ఇక్కణ్ణుంచే అరుస్తాను. రేపు ఖలీఫా వస్తే ఏమనాలో అడుగు, అదీ చెప్తాను. ఆ సీసా గురించి మాత్రం అడగొద్దు. నువ్వు అడగొద్దు, మీ అత్త అడగొద్దు, ఊళ్ళో ఎవరూ అడగొద్దు. దాని గురించి నేను ఇంక ఎప్పటికీ మాట్లాడను.”